ఒకే డాబా మీద నాలుగు హ్యామ్ యాంటెన్నాలు: ఒకదానికొకటి అడ్డం రాకుండా అమర్చడం ఎలా?

హ్యామ్ (అభిరుచి రేడియో) లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో అందరి డాబా మీదా ఒక్క డైపోలే (మధ్యలో కేబుల్ కలిపే, రెండు కాళ్ల వైరు యాంటెన్నా) ఉంటుంది. ఏడాది తిరిగేసరికి రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ దూరానికి పంపే కేంద్రం) కోసం 2 మీటర్ల బ్యాండు వర్టికల్ (నిలువు యాంటెన్నా), పగటిపూట దూరాలు పట్టడానికి 20 మీటర్ల బ్యాండు వైరు, ఉపగ్రహాలు వినడానికి చిన్న యాగీ (ఒకే దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా) వచ్చి చేరతాయి. బ్యాండు పేరులోని మీటర్లు తరంగదైర్ఘ్యం, యాంటెన్నా పొడవు కాదు. తంటాలు అక్కడ మొదలవుతాయి. నిన్నటిదాకా 1.2 చూపించిన ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి వెనక్కొచ్చే శక్తిని చూపే కొలత, 1కి దగ్గరైతే మంచిది) ఇవాళ 2.5 చూపిస్తుంది. 40 మీటర్లలో పీటీటీ (మాట్లాడే మీట) నొక్కితే పక్కనున్న సెట్టు మూగబోతుంది. అప్పుడు చాలామంది చేసే పని యాంటెన్నాను ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరపడం. అదృష్టం ఉంటే తగ్గుతుంది, లేకపోతే వారం పోతుంది.

నేను చెప్పేది వేరే క్రమం. ముందు ఏ ఏ రేడియోలు ఒకే సమయంలో పనిచేయాలో తేల్చుకోండి. తర్వాత ఎలాంటి అడ్డంకి వస్తోందో కనిపెట్టండి. ఆ తర్వాతే పైపు, తాడు, కొలతల సంగతి. చివరికి అంతా కొలిచి చూడండి. ఈ వరసలో పోతే సగం సమస్యలు డాబా ఎక్కకుండానే తీరిపోతాయి.

లెక్కలు గాల్లో తేలకుండా ఒక డాబాను ఉదాహరణగా పెట్టుకుందాం. మన ఊళ్లలో మామూలుగా కనిపించే 200 గజాల స్థలం, చుట్టూ ఖాళీ వదిలేయగా మిగిలిన 24 అడుగులు × 50 అడుగుల డాబా. అంటే సుమారు 7.3 × 15.2 మీటర్లు. దీని మీద పెట్టాల్సినవి: 40 మీటర్ల బ్యాండుకి ఒక వైరు యాంటెన్నా, 20/15/10 మీటర్లకి ఒకటి, 2 మీటర్లు, 70 సెంటీమీటర్లకి ఒక డ్యుయల్ బ్యాండ్ వర్టికల్, ఉపగ్రహాలకి ఒక చిన్న యాగీ.

మొదటి మెట్టు: ఏది ఎప్పుడు పలుకుతుంది?

ఒక కాగితం మీద మీ రేడియోలన్నీ రాసుకోండి. ఒక్కొక్కదాని ఎదురుగా, అది ట్రాన్స్‌మిట్ చేస్తున్నప్పుడు ఏ రేడియో వింటూ ఉండాలో రాయండి.

షాక్‌లో (రేడియో గదిలో) ఒకటే హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) సెట్టు, యాంటెన్నా స్విచ్‌తో బ్యాండు మార్చుకుంటూ వాడతారనుకోండి. అప్పుడు మీ సమస్య చాలా చిన్నది. యాంటెన్నాలు ఒకదాని ట్యూనింగ్ మరొకటి చెడగొట్టకుండా చూసుకుంటే చాలు. ఫిల్టర్లూ, స్టబ్‌లూ ఏవీ కొననక్కర్లేదు.

హెచ్‌ఎఫ్ వాడుతూనే 2 మీటర్ల రిపీటర్ కూడా వింటూ ఉండాలంటే కొంచెం పని పెరుగుతుంది. రెండు హెచ్‌ఎఫ్ సెట్లు రెండు బ్యాండుల్లో ఒకేసారి నడవాలంటే, అంటే ఫీల్డ్ డే (బయట శిబిరం వేసి రేడియోలు నడిపే రోజు) లాంటి కార్యక్రమమో, కాంటెస్టో, తుఫాను శిబిరమో అయితే, ఈ వ్యాసం మొత్తం అవసరం. ఈ మూడో అవసరం నిజంగా ఉందా అని ఒకసారి గట్టిగా ప్రశ్నించుకోండి. లేనిదాని కోసం ఫిల్టర్ల మీద డబ్బు పోయడం నేను చాలా షాకుల్లో చూశాను.

రెండో మెట్టు: అడ్డంకి ఏ రకమో కనిపెట్టడం

"ఇంటర్‌ఫియరెన్స్" అని ఒకే మాట వాడతాం కానీ లోపల మూడు వేర్వేరు సంగతులున్నాయి. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

మొదటిది, ఒక యాంటెన్నా దగ్గర్లో ఉన్న మరో యాంటెన్నా గుణాన్ని మార్చేయడం. దగ్గరి లోహం మీ ఫ్రీక్వెన్సీలో రెజొనెంట్ అయితే (దాని పొడవు ఆ తరంగానికి సరిపోతే), మీరు పంపిన శక్తిలో కొంత అది పట్టుకుని మళ్లీ వెదజల్లుతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ మారుతుంది, సిగ్నల్ వెళ్లే దిక్కు మారుతుంది. ట్రాన్స్‌మిట్ చేయకపోయినా, పక్కదాన్ని వాడకపోయినా ఈ దెబ్బ ఉంటుంది.

రెండోది, పక్క రిసీవర్ మీద పడే బరువు. మీరు 100 వాట్లు పంపుతున్నారు. రెండు యాంటెన్నాల మధ్య ఐసొలేషన్ (ఒకదాని నుంచి మరొకదానికి చేరేలోపు సిగ్నల్ తగ్గే మేర) 20 డీబీ (డెసిబెల్) ఉంటే అందులో వందో వంతు, అంటే 1 వాట్, పక్క రిసీవర్ ముక్కులోకి దూరుతుంది. 30 డీబీ ఉన్నా 100 మిల్లీవాట్లు. మైక్రోవోల్టులు వినడానికి చేసిన రిసీవర్‌కి ఇది చాలా ఎక్కువ. పక్కింట్లో పెళ్లి మైకు పెడితే మనింట్లో ఫోన్ మాట వినపడనట్టు, ఆ రిసీవర్‌కి తన బ్యాండులోని సిగ్నళ్లు వినపడవు. చిన్న ఎస్‌డీఆర్ డాంగుల్ (కంప్యూటర్‌కి తగిలించే రిసీవర్) అయితే ముందు భాగం కాలిపోవచ్చు కూడా. హెచ్‌ఎఫ్‌లో ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు డాంగుల్ యాంటెన్నా పీకేయడం అలవాటు చేసుకోండి.

మూడోది, హార్మోనిక్కులు (పంపిన ఫ్రీక్వెన్సీకి రెండు, మూడు రెట్ల దగ్గర పుట్టే నకళ్లు), ట్రాన్స్‌మిటర్ వెదజల్లే నాయిస్. మన హెచ్‌ఎఫ్ బ్యాండుల ఏర్పాటే ఇలా ఉంది: 7 మెగాహెర్ట్జ్‌ని రెట్టిస్తే 14, మూడు రెట్లు 21, నాలుగు రెట్లు 28 (ఇవే వరసగా 40, 20, 15, 10 మీటర్ల బ్యాండులు). ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో పంపే డిజిటల్ పద్ధతి) వాడేవాళ్లు 7.074లో పంపితే రెండో హార్మోనిక్ 14.148 దగ్గర, మూడోది 21.222 దగ్గర తేలుతుంది. రెండూ వాయిస్ మాట్లాడుకునే చోట్లే.

రెండోదీ మూడోదీ విడదీయడానికి మంచి పరీక్ష ఒకటుంది. అడ్డంకి వస్తున్నప్పుడు వినే రిసీవర్‌లో 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే మీట) వేయండి. ఆ రొద కూడా మిగతా సిగ్నళ్లలాగే సరిగ్గా 10 డీబీ తగ్గితే, అది నిజంగానే గాలిలోంచి వస్తున్న హార్మోనిక్ లేదా నాయిస్. పది కాకుండా ఇరవై, ముప్ఫై డీబీ పడిపోయినా, అసలు మాయమైనా, అది మీ రిసీవర్ ఓవర్‌లోడ్ అయి లోపలే పుట్టిస్తున్నది. హార్మోనిక్‌కి మందు ట్రాన్స్‌మిటర్ వైపు, ఓవర్‌లోడ్‌కి రిసీవర్ వైపు.

ఇంకో పరీక్ష: ట్రాన్స్‌మిటర్‌కి యాంటెన్నా తీసి డమ్మీ లోడ్ (శక్తిని గాల్లోకి వదలకుండా మింగేసే లోడ్) పెట్టండి. అప్పటికీ రొద పోకపోతే యాంటెన్నాల తప్పేం లేదు. అది పవర్ సప్లై తీగల ద్వారానో, ఒకే టేబుల్ మీదున్న కేబుళ్ల ద్వారానో వస్తోంది. డాబా ఎక్కేముందు ఈ పరీక్ష చేయకపోతే మోకాళ్లకే నష్టం.

మూడో మెట్టు: తగవు పడే జంటలు

డైపోల్ పొడవు మీటర్లలో కావాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి 20.1 మీటర్లు, 14.15కి 10.1, 21.2కి 6.75, 28.4కి 5.04. ఇన్వర్టెడ్ వీగా (మధ్య పైకి, చివరలు కిందికి) కడితే చివరికొచ్చే పొడవు కొంచెం మారుతుంది కాబట్టి ముందు కాస్త పొడవుగా కోసి తర్వాత కత్తిరించుకోవాలి.

ఈ అంకెలు పక్కపక్కన చూస్తే తగవులు ఎక్కడొస్తాయో తెలిసిపోతుంది. 40 మీటర్ల డైపోల్ 21 మెగాహెర్ట్జ్ దగ్గర మూడు అర తరంగాల పొడవు. అందుకే అది 15 మీటర్లలో కూడా రెజొనెంట్. ఒకే యాంటెన్నాతో రెండు బ్యాండులు నడుపుకునేవాళ్లకి ఇది వరం, పక్కనే 15 మీటర్ల యాంటెన్నా పెట్టేవాళ్లకి శాపం. 2 మీటర్లు, 70 సెంటీమీటర్ల మధ్య కూడా ఇదే మూడు రెట్ల చుట్టరికం.

40, 20 జంటలో ఒక మెలిక ఉంది. 40 మీటర్ల డైపోల్ ఒక్కో కాలు 10 మీటర్లు, అంటే 14 మెగాహెర్ట్జ్‌లో సరిగ్గా అర తరంగం. ఆ కాళ్లు 20 మీటర్ల శక్తిని పట్టుకుంటాయా లేదా అన్నది మధ్యలో ఫీడ్ పాయింట్ (కేబుల్ కలిసే చోటు) దగ్గర కనిపించే ఇంపెడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) మీద ఆధారపడుతుంది. ఆ ఇంపెడెన్స్ కిందికొచ్చే కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) పొడవు, దాని అవతలి కొస స్విచ్ దగ్గర తెరిచి ఉందా, షార్టయి ఉందా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. "నిన్న బాగానే ఉంది, ఇవాళ ఏమైందో" అనిపించే చాలా కేసుల్లో జరిగేది ఇదే: యాంటెన్నా స్విచ్ వేరే పొజిషన్‌లో ఉంటుంది. దీన్ని కొలతల దగ్గర మళ్లీ చూద్దాం.

పెద్దదాన్ని చిన్నది ఇబ్బంది పెట్టదు, చిన్నదాన్ని పెద్దది పెడుతుంది. 2 మీటర్ల యాగీలోని మీటరు పొడవు గొట్టాలు 7 మెగాహెర్ట్జ్‌కి కనిపించనే కనిపించవు. కానీ పొడవాటి హెచ్‌ఎఫ్ వైరో గొట్టమో వీహెచ్‌ఎఫ్ (2 మీటర్ల బ్యాండు లాంటి పై ఫ్రీక్వెన్సీల) యాంటెన్నా ముందుంటే దాని దిక్కు చెడిపోతుంది. అందుకే ఎక్కువ ఫ్రీక్వెన్సీ యాంటెన్నా ఎప్పుడూ పైన. తేలిక కాబట్టి పైపుకీ మంచిదే.

నాలుగో మెట్టు: డాబా మీద గీత గీయడం

మన ఉదాహరణ డాబాకి మూల నుంచి మూలకి 16.9 మీటర్లు వస్తుంది. 40 మీటర్ల బ్యాండు డైపోల్ 20 మీటర్ల పొడవు, చదునుగా పట్టదు. మధ్యలో పైపు నిలబెట్టి ఇన్వర్టెడ్ వీ కడితే పడుతుంది. శిఖరం డాబా నుంచి 8 మీటర్ల ఎత్తులో, రెండు చివరలు 2.5 మీటర్ల ఎత్తులో ఉంటే ఒక్కో కాలు అడ్డంగా తీసుకునేది 8.35 మీటర్లు. మొత్తం 16.7. మూల నుంచి మూలకి సరిగ్గా సరిపోతుంది. శిఖరం దగ్గర కోణం 113 డిగ్రీలు వస్తుంది, 90 కన్నా తగ్గకుండా ఉంటే చాలు.

చివరలు 2.5 మీటర్ల కన్నా కిందికి దించొద్దు. ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు డైపోల్ చివర్లలో వోల్టేజి చాలా ఎక్కువ. బట్టలు ఆరేయడానికి వచ్చినవాళ్ల చేతికో, సంక్రాంతికి గాలిపటాలెగరేసే పిల్లల చేతికో తగిలితే చర్మం కాలుతుంది.

ఇప్పుడు 20/15/10. అవతలి మూల నుంచి మూలకి కడదామనిపిస్తుంది. అందరూ అదే చేస్తారు. కానీ చతురస్రం కాని డాబాలో రెండు మూలగీతలు 90 డిగ్రీల్లో ఖండించుకోవు. మన డాబాలో అవి 51 డిగ్రీల్లోనే కలుస్తాయి. ఆ కోణంలో వచ్చే లాభం 4 డీబీ మాత్రమే. లంబంగా ఉండే రెండు డైపోళ్లు సమానంగా అమరితే ఒకదాని ప్రభావం మరొకదాని రెండు కాళ్ల మీదా ఎదురెదురుగా పడి కొట్టుకుపోతుంది. ఆ లాభం కావాలంటే కోణం నిజంగా 90 ఉండాలి.

కాబట్టి పైపు దగ్గర నిలబడి 40 మీటర్ల వైరుకి లంబంగా గీత గీయండి. మధ్య నుంచి పొడవాటి పిట్టగోడ దాకా ఆ గీత మీద 4.05 మీటర్లు దొరుకుతుంది. 20 మీటర్ల కాలు 5.05 మీటర్లు. శిఖరం 6 మీటర్ల ఎత్తులో, చివర 2.8 మీటర్ల ఎత్తులో కడితే అడ్డంగా 3.9 మీటర్లే తీసుకుంటుంది. పట్టింది. కోణం 101 డిగ్రీలు. అదే ఫీడ్ పాయింట్ నుంచి 15కి 3.37 మీటర్ల కాళ్లు, 10కి 2.52 మీటర్ల కాళ్లు విసనకర్రలా వేలాడదీస్తే ఒకే కోయాక్స్‌తో మూడు బ్యాండులు వచ్చేస్తాయి. వైర్ల చివరలు ఒకదానికొకటి కనీసం ఒక అడుగు ఎడంగా ఉంచండి. దగ్గరైతే ఒకటి సరిచేస్తే ఇంకొకటి జరుగుతూ ఉంటుంది. పొడవాటిది ముందు, పొట్టిది చివర, ఆ వరసలో ట్యూన్ చేసి మళ్లీ మొదటికి రండి.

పైపుని 9.5 మీటర్ల దాకా పొడిగించి కొసన డ్యుయల్ బ్యాండ్ వర్టికల్ పెట్టండి. 40 మీటర్ల శిఖరానికీ దాని అడుగుకీ మీటరున్నర ఎడం వస్తుంది. వర్టికల్‌ని పైపు పక్కన బిగించకండి, కొసనే పెట్టండి. పక్కన పెడితే పైపు రిఫ్లెక్టర్‌లా పనిచేసి ఒక వైపు సిగ్నల్‌ని మింగేస్తుంది. తప్పనిసరైతే కనీసం అర మీటరు చేయి కట్టి దూరంగా నిలపండి.

ఉపగ్రహాల యాగీ డాబా ఒక మూలన, వైరు చివరలు రాని మూలలో. మన డాబాకి నాలుగు మూలలు, 40 మీటర్ల వైరుకి రెండే పోతాయి.

ఇంత చేశాక కూడా ఐదో యాంటెన్నా మనసులో మెదులుతుంటే, అది ఏ బ్యాండులో ఇప్పుడున్నదానికన్నా మేలు చేస్తుందో రాసుకుని చూడండి. చిన్న డాబాలో యాంటెన్నా తగ్గించడం కన్నా మంచి ఫిల్టర్ లేదు.

ఐదో మెట్టు: వీహెచ్‌ఎఫ్‌లో ఎత్తు ఎడమే బేరం

రెండు 2 మీటర్ల వర్టికల్స్ పెట్టాల్సి వస్తే, ఉదాహరణకి ఒకటి వాయిస్‌కీ ఒకటి ఏపీఆర్‌ఎస్‌కీ (ఉన్నచోటు, చిన్న సందేశాలు పంపే పద్ధతి), పక్కపక్కన ఎంత దూరం అని అడుగుతారు. పక్కపక్కన వద్దు, ఒకదాని పైన ఒకటి పెట్టండి. వర్టికల్ తన తల వైపూ పాదం వైపూ దాదాపు ఏమీ పంపదు.

ఇంజనీర్లు వాడే అంచనా సూత్రాలు రెండున్నాయి. నిలువు ఎడానికి 28 + 40 లాగ్ (ఎడం ÷ తరంగదైర్ఘ్యం). అడ్డం ఎడానికి 22 + 20 లాగ్ (దూరం ÷ తరంగదైర్ఘ్యం), అందులోంచి రెండు యాంటెన్నాల గెయిన్ (ఒక దిక్కుకి శక్తిని పోగేసే మేర, డీబీల్లో) తీసేయాలి. 145 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం 2.07 మీటర్లు. నిలువుగా 2.5 మీటర్ల ఎడానికి 31 డీబీ వస్తుంది. అదే 31 డీబీ రెండు మామూలు డైపోళ్లని అడ్డంగా పెట్టి సాధించాలంటే 10 మీటర్లు కావాలి. నిలువు 4 మీటర్లకి 39 డీబీ. అడ్డంగా అయితే 25 మీటర్లు, అంటే పక్కింటి డాబా. ఎడాన్ని పైదాని అడుగు నుంచి కిందిదాని కొస దాకా కొలవండి. పైది కింద దానికి సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలి, ఒకే గీతలో.

ఈ సూత్రాలు హెచ్‌ఎఫ్‌కి వాడొద్దు. 40 మీటర్ల బ్యాండులో మన డాబా మొత్తం అర తరంగం కన్నా తక్కువ. అక్కడ కొలత తప్ప సూత్రం పనిచేయదు.

ఉపగ్రహాల దగ్గర మూడు రెట్ల చుట్టరికం బాగా ఏడిపిస్తుంది. ఎస్‌ఓ-50 లాంటి ఉపగ్రహానికి 145.850లో పంపి 436.795లో వినాలి. 145.850ని మూడుతో గుణిస్తే 437.550. మీరు వినే చోటికి మెగాహెర్ట్జ్ దూరం కూడా లేదు. మాట్లాడుతున్నప్పుడే ఉపగ్రహం మాయమైపోతే కారణం ఇదే. ట్రాన్స్‌మిటర్ వైపు లో పాస్, రిసీవర్ వైపు హై పాస్ ఉండే డైప్లెక్సర్ పెడితే తీరుతుంది. యాగీ దగ్గర ప్రీఆంప్ (సిగ్నల్‌ని ముందుగా పెంచే పరికరం) ఉంటే ఫిల్టర్ ప్రీఆంప్‌కి ముందే ఉండాలి, తర్వాత పెడితే ఉపయోగం లేదు. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మోసుకెళ్లిన మన హ్యామ్‌శాట్‌లో ఈ బాధ ఉండేది కాదు. దానికి పైకి 435, కిందికి 145 వైపు. 435 హార్మోనిక్ 145లో పడే ప్రసక్తే లేదు. అలాంటి ఏర్పాటున్న ఉపగ్రహాలతో మొదలుపెడితే కొత్తవాళ్లకి సుఖం.

ఆరో మెట్టు: కోయాక్స్ కూడా యాంటెన్నానే

లంబంగా కట్టినా, కొలిచి కట్టినా, రెండు కోయాక్సులు ఒకే పైపు వెంట పక్కపక్కనే దిగుతుంటాయి. డైపోల్ మధ్యలో సరైన చోక్ (ఫెర్రైట్ మీద చుట్టిన కేబుల్) లేకపోతే ఆర్‌ఎఫ్ (రేడియో కరెంటు) కోయాక్స్ పైపొర మీదుగా కిందికి పారుతుంది. అప్పుడు ఆ రెండు కోయాక్సులూ పక్కపక్కనే నిలబడిన రెండు వర్టికల్స్. మీరు వైర్ల మధ్య సంపాదించిన ఐసొలేషన్ అంతా ఇక్కడ కారిపోతుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇది.

హెచ్‌ఎఫ్‌కి 2.4 అంగుళాల టొరాయిడ్, 31 మిక్స్ ఫెర్రైట్, అంటే ఎఫ్‌టీ240-31 మీద సన్న కోయాక్స్ 10 నుంచి 12 చుట్లు చుట్టండి. ప్రతి డైపోల్ ఫీడ్ పాయింట్ దగ్గర ఒకటి. కోయాక్స్ గదిలోకి వచ్చేచోట ఇంకొకటి ఉంటే ఇంట్లోని నాయిస్ పైకెక్కకుండా కూడా ఆపుతుంది. లావు కోయాక్స్‌ని టొరాయిడ్ మీద బిగించి వంచకండి, లోపలి తీగ కాలక్రమంలో పక్కకి జరిగి షార్టవుతుంది.

కేబుల్ ఎంపికలో టీవీ కేబుల్ జోలికి పోవద్దు. జల్లెడలాంటి అల్లిక ఉన్న షీల్డ్ రెండు వైపులా లీకవుతుంది. ఆర్‌జీ-213 లాంటి మంచి అల్లిక ఉన్నదైనా పీఎల్-259 కనెక్టర్ సరిగ్గా సోల్డర్ చేయకపోతే దండగే. వదులైన కనెక్టర్ వల్ల పోయే ఐసొలేషన్ ఏ ఫిల్టర్‌తోనూ తిరిగిరాదు.

ఏడో మెట్టు: గై వైర్లు, బట్టల తీగలు, తుప్పు

తొమ్మిదిన్నర మీటర్ల జీఐ పైపుకి గై (పైపు పడిపోకుండా లాగి కట్టే తీగ) కట్టక తప్పదు. ఇనుప తీగతో కడితే మీరు డాబా మీద మరో మూడు నాలుగు యాంటెన్నాలు కట్టినట్టే. 10 మీటర్ల గై వైరు 14 మెగాహెర్ట్జ్‌కి నిఖార్సైన అర తరంగం. ఎండకి తట్టుకునే పాలిస్టర్ తాడు వాడితే ఈ గొడవే ఉండదు. మామూలు నైలాన్ తాడు సాగుతుంది, మన ఎండలకి పొడిపొడి అవుతుంది. తుఫాను గాలులున్న కోస్తాలో ఇనుప తీగే కావాలంటే, గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లతో 3 మీటర్ల లోపు ముక్కలుగా విడగొట్టండి. ఆ పొడవు 7 నుంచి 28 దాకా ఏ బ్యాండుకీ అర తరంగం కాదు.

బట్టలారేసే ఇనుప తీగ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ తాడుతో మార్చేయండి, ఇంట్లోవాళ్లూ ఏమీ అనరు.

తుప్పు పట్టిన అతుకులు ఇంకో రకం. తుప్పు రెండు లోహాల మధ్య డయోడ్‌లా పనిచేసి, మీరు పంపిన శుభ్రమైన సిగ్నల్ నుంచి కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తుంది. అంటే ట్రాన్స్‌మిటర్ బయట, మీ ఫిల్టర్ దాటాక హార్మోనిక్ పుడుతోందన్నమాట. రేకుల షెడ్డు, పాత టీవీ యాంటెన్నా పైపు, నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండు అనుమానితులు. గాలి వీచినప్పుడో వాన పడ్డప్పుడో రొద మారుతుంటే వీటినే చూడండి. విశాఖ, కాకినాడ, బందరు వైపు ఉప్పుగాలికి ఇది మామూలే.

ఎనిమిదో మెట్టు: రెండు హెచ్‌ఎఫ్ సెట్లు ఒకేసారి నడవాలంటే

ఒక లెక్క చూద్దాం. 40 మీటర్లలో 100 వాట్లు, అంటే +50 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డీబీ). మంచి సెట్టులో రెండో హార్మోనిక్ 50 డీబీ కింద ఉందనుకుంటే 14 మెగాహెర్ట్జ్‌లో 0 డీబీఎం బయటికొస్తుంది. రెండు యాంటెన్నాల మధ్య 30 డీబీ ఐసొలేషన్ తీసేస్తే రెండో రిసీవర్‌కి అందేది -30 డీబీఎం. హెచ్‌ఎఫ్‌లో ఎస్9 (రిసీవర్ మీటరు మీద బలమైన సిగ్నల్ గుర్తు) అంటే -73. కాబట్టి అది ఎస్9 మీద 43 డీబీ. నిబంధనల్లోపే ఉన్న సెట్టు, బాగా కట్టిన యాంటెన్నా, అయినా ఇంత.

ఇక్కడ వినే రిసీవర్ ముందు 20 మీటర్ల బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఆ బ్యాండునే లోపలికి వదిలేది) పెడితే హార్మోనిక్ తగ్గదు. అది కూడా 14లోనే ఉంది కదా, దర్జాగా లోపలికొస్తుంది. దాన్ని పుట్టినచోటే ఆపాలి.

చవకైన మందు కోయాక్స్ స్టబ్. 7.1కి పావు తరంగం 10.56 మీటర్లు, ఆర్‌జీ-58, ఆర్‌జీ-213ల వెలాసిటీ ఫ్యాక్టర్ (గాలితో పోలిస్తే కేబుల్‌లో తరంగం వేగం) 0.66 కాబట్టి 6.97 మీటర్ల ముక్క. ఒక కొస షార్ట్ చేసి, రెండో కొస టీ కనెక్టర్‌తో ట్రాన్స్‌మిటర్ లైనుకి కలపండి. 7లో అది ఉన్నట్టే తెలియదు, 14, 28లలో లైనుని షార్ట్ చేసేస్తుంది. కాస్త పొడవుగా కోసి, నానోవీఎన్‌ఏలో (యాంటెన్నాలు, కేబుళ్లు కొలిచే చిన్న పరికరంలో) 14.2 దగ్గర గుంట పడేదాకా కొంచెం కొంచెంగా కత్తిరించండి. 25 డీబీ దాకా దిగుతుంది. 21ని మాత్రం ఇది ఆపదు, అక్కడ దీని పొడవు మూడు పావు తరంగాలు అవుతుంది. ఫోమ్ కోయాక్స్‌కి 0.66 కాదు, ఆ కేబుల్ ఫ్యాక్టర్ చూసుకోండి.

దానికి తోడు ట్రాన్స్‌మిటర్ తర్వాత, పవర్ తట్టుకునే 40 మీటర్ల బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెడితే ఇంకో 40 డీబీ. ఇప్పుడు -30 కాస్తా -95 అయ్యింది, అంటే ఎస్5. పనిచేసుకోవచ్చు. వినే వైపు ఫిల్టర్ కూడా కావాలి, కానీ హార్మోనిక్ కోసం కాదు. 7 మెగాహెర్ట్జ్ అసలు సిగ్నల్ బరువు రిసీవర్ మీద పడకుండా.

ఒకే బ్యాండులో రెండు సెట్లు, ఒకటి సీడబ్ల్యూ (మోర్స్), ఒకటి వాయిస్, నడపాలనే కోరిక ఉంటే ఈ డాబా మీద వదిలేయండి. ట్రాన్స్‌మిటర్ చుట్టూ వ్యాపించే ఫేజ్ నాయిస్ అదే బ్యాండులో ఉంటుంది, మామూలు బ్యాండ్‌పాస్ ఫిల్టర్ దాన్ని విడదీయలేదు. దూరమే దిక్కు.

శిబిరాల్లో స్థలం ఉంటుంది కాబట్టి అక్కడ పద్ధతి మార్చండి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకి చెందిన భారతీ ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు. అలాంటి సమయంలో దూరపు బ్యాండు ఒకటి, దగ్గరి బ్యాండు ఒకటి ఆగకుండా నడవాలి. బడి మైదానం దొరికితే రెండు డైపోళ్లనీ పక్కపక్కన కాక ఒకే గీతలో, కొస వైపు కొస ఉండేలా కట్టండి. డైపోల్ తన కొసల వైపు చాలా తక్కువ పంపుతుంది. జాగా ఉన్నంత దూరం జరపండి, సెట్లు కూడా వేర్వేరు గదుల్లో, వేర్వేరు బ్యాటరీల మీద.

తొమ్మిదో మెట్టు: కొలవడం

నానోవీఎన్‌ఏ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ముందు అన్ని ట్రాన్స్‌మిటర్లూ ఆపేయండి, సమీపంలో ఇంకో హ్యామ్ ఉంటే ఒక మాట చెప్పండి. యాంటెన్నా మీద పేరుకున్న స్టాటిక్ పోవడానికి కోయాక్స్ మధ్య తీగని షీల్డ్‌కి ఒక క్షణం తాకించి, అప్పుడు కలపండి. లేకపోతే ఆ చిన్న పరికరం పోతుంది.

మొదట ఒక్కో యాంటెన్నా ఎస్‌డబ్ల్యూఆర్ గీతను, మిగతావి దించేసి ఉన్నప్పుడు, సేవ్ చేసుకోండి. రెండోది ఎక్కించాక మొదటిదాన్ని మళ్లీ కొలవండి. మార్పు వస్తే, రెండోదాని కోయాక్స్ అవతలి కొసను మూడు రకాలుగా పెట్టి చూడండి: తెరిచి, షార్ట్ చేసి, 50 ఓమ్ లోడ్ పెట్టి. ఏ స్థితిలో మార్పు తక్కువగా ఉందో అదే స్థితిలో మీ యాంటెన్నా స్విచ్ ఆ కోయాక్స్‌ని వదలాలి. చాలా స్విచ్‌లు వాడని పొజిషన్లని గ్రౌండ్ చేస్తాయి. మీకు "తెరిచి ఉంచడమే" మేలని తేలితే కోయాక్స్‌కి పావు తరంగం ముక్క కలిపి అదే పని చేయించవచ్చు.

తర్వాత పోర్ట్ 0కి ఒక యాంటెన్నా, పోర్ట్ 1కి రెండోది కలిపి ఎస్21 (ఒకదాని నుంచి రెండోదానికి చేరేది, డీబీల్లో) చూడండి. 7.1, 14.15, 21.2, 28.4 దగ్గర విలువలు రాసుకోండి. -30 కన్నా కింద ఉంటే బాగున్నట్టు. -15 లాంటిది కనిపిస్తే రెండు సెట్లు ఒకేసారి నడపకండి. ముందు చోక్‌లు, తర్వాత కోణం, ఆ తర్వాతే దూరం సరిచేసుకోండి. ఈ విలువ తెలియకుండా ఎస్‌డీఆర్‌ని పక్క యాంటెన్నాకి తగిలించొద్దు.

అన్నీ బాగుండీ రొద ఉందంటే యాంటెన్నాలని వదిలేసి ఇంటి మెయిన్ ఆపి, సెట్టుని బ్యాటరీ మీద నడిపి చూడండి. సోలార్ ఇన్వర్టర్, ఎల్‌ఈడీ బల్బు, చవక చార్జర్లే సగం కేసుల్లో దొంగలు.

పిడుగు, కరెంటు తీగలు, ఏటా చూసుకోవాల్సినవి

పైపు ఎటు పడినా కరెంటు తీగలకి తగలకూడదు. పైపు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో సర్వీసు వైరు కానీ, వీధి లైను కానీ ఉంటే ఆ చోటు వదిలేయండి. వైరు యాంటెన్నాని తీగల మీదుగా కానీ కింద నుంచి కానీ ఎప్పుడూ లాగొద్దు. ఇందులో సర్దుబాటు లేదు.

పైపుని, కోయాక్సులన్నిటి షీల్డులని, సెట్టు గ్రౌండ్‌ని, ఇంటి ఎర్తింగ్‌ని ఒకదానికొకటి కలపాలి. వేర్వేరు ఎర్త్ రాడ్లు విడివిడిగా ఉంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య వోల్టేజి తేడా మీ సెట్టులోంచే పోతుంది. కోయాక్స్ ఇంట్లోకి వచ్చేచోట గ్యాస్ డిశ్చార్జ్ అరెస్టర్లు పెట్టండి. అయినా సరే, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టి ఉరుముతుంటే కోయాక్స్ పీకి కిటికీ బయట పెట్టేయడమే నమ్మదగ్గ పద్ధతి.

వానాకాలానికి ముందు ఒకసారి పైకెక్కి కనెక్టర్ల మీది సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేప్, తాడు ముడులు, కోతులు పీకిన వైర్లు, గాలిపటం మాంజా చుట్టుకున్న చోట్లు చూసుకోండి. అన్ని యాంటెన్నాలనీ మళ్లీ కొలిచి, సేవ్ చేసిన పాత గీతల పక్కన పెట్టండి. ఎస్‌డబ్ల్యూఆర్ కనిష్ఠ స్థానం కిందికి జరిగి గీత వెడల్పయి ఉంటే కోయాక్స్‌లో నీళ్లు దిగాయేమో చూడండి. ఒక్క బ్యాండులోనే మారి ఉంటే దగ్గర్లో కొత్త లోహం ఏదో వచ్చింది. మీ డాబా మీద లేకపోతే పక్కవాళ్లు కొత్తగా వేయించిన సోలార్ ప్యానెళ్ల ఫ్రేముని చూడండి.